ఆనపకాయ అంటే ఏ కాయ?

శ్రోతలకు నమస్కారం.

మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్లు, మందుల్లేకుండా వరి పండించేవాళ్లు, అన్నం తగ్గించి చిరుధాన్యాలకు మళ్లినవాళ్లు... వీళ్లందరికీ ఇవాళ వాట్సాప్‌ గ్రూపే రచ్చబండ. పాలకొల్లు నుంచి ఒకరు, అమలాపురం నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి ఇంకొకరు, మదనపల్లె నుంచి మరొకరు. అందరూ తెలుగువాళ్లే. చిక్కంతా అక్కడే.

భీమవరం ఆవిడ “ఆనప విత్తనాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయాండీ?” అని అడుగుతారు. చిత్తూరు వైపు నుంచి పోస్టులో పొట్లం వస్తుంది. విప్పి చూస్తే గుండ్రంగా, నున్నగా, ఒక అంచున తెల్లటి గీతతో చిక్కుడు జాతి గింజలు! మన గోదావరి జిల్లాల్లో ఆనపకాయంటే సొరకాయ, అక్కడ అనపకాయంటే గింజలు ఒలుచుకునే కాయ. సొర గింజ బల్లపరుపుగా, పొడుగ్గా ఉంటుంది. ఒక్క ఫోటో అడిగి ఉంటే సరిపోయేది. అందుకే విత్తనాలు పంచుకునే గ్రూపులో పేరొక్కటే రాస్తే చాలదు. గింజల పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒక ఫోటో, కాయది ఇంకో ఫోటో ఉండాలి. మనం చోళ్లు అనేవే రాగులు, తెలంగాణలో తైదలు. గోంగూరే అక్కడ పుంటికూర. ఇలాంటి పేర్లు ఓ పాతిక రాసి గ్రూపు పైభాగాన పిన్‌ చేసి ఉంచితే సగం గొడవ తగ్గుతుంది.

ఇక రాత సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడితే వరి, వారి ఒకేలా కనబడతాయి. పేడ, పేద కూడా అంతే. రెండు నెలల తరవాత ఎవరైనా తెలుగు లిపిలో “వరి” అని వెతికితే ఆ పాత సలహా ఒక్కటీ దొరకదు. తెలుగు కీబోర్డు రానివాళ్లు మైకు గుర్తు నొక్కి మాట్లాడితే ఫోనే తెలుగులో రాసిపెడుతుంది. అంకెలు మాత్రం పంపేముందు ఒకసారి చూసుకోవాలి.

అంకె ఒకటే అయినా కొలత మారితే మోసం. మన దగ్గర వడ్ల బస్తా 75 కిలోలు, తెలంగాణ కొనుగోలు కేంద్రంలో 40. ఎకరానికి ముప్ఫై బస్తాలంటే ఎవరి బస్తా అని అడగాలి. వాళ్ల గుంట మన రెండున్నర సెంట్లు. రెండో పంటని దాళ్వా అని మనం రాస్తే వాళ్లు యాసంగి అని చదువుకోవాలి.

ప్రకృతి వ్యవసాయంలో మాటలు ఇంకా దూరం నుంచి వచ్చాయి. రసాయనాలు లేని సాగు నేర్పే సుభాష్‌ పాలేకర్‌ పద్ధతి మహారాష్ట్ర నుంచి వచ్చింది. దాంతోపాటే “వాఫసా”, “ఆచ్ఛాదన” కూడా వచ్చిపడ్డాయి. వాఫసా ఏమిటని కొత్తవాళ్లు వారం పాటు తల పట్టుకుంటారు. నేలలో తేమా గాలీ రెండూ ఉండటమే అది. “పదును మీద ఉంచండి” అంటే డెల్టా రైతుకి చాలావరకు అర్థమైపోతుంది. ఆచ్ఛాదన అంటే మొక్క మొదట్లో గడ్డి కప్పడం, అంతే.

ఆ పద్ధతిలో నేలకి పోసే ఆవు పేడ ద్రావణమే జీవామృతం. దాని కొలత ఎకరానికి: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో పెట్టి, రోజుకి రెండుసార్లు కలియతిప్పి, 48 గంటలు పోయాక వాడాలి. మిద్దె తోటకి ఇదంతా పదో వంతు చేసుకుంటే 20 లీటర్ల నీళ్లు చాలు, బకెట్టు మాత్రం అంతకన్నా కాస్త పెద్దది కావాలి. డ్రమ్ము మీద గోనె కప్పాలే గాని మూత బిగించకూడదు, గాలి ఆడక కుళ్లుకంపు పడుతుంది. “గట్టు మట్టి” అన్న మాట కూడా మన దగ్గర ఆలోచించి వాడాలి. ఏళ్ల తరబడి మందు కొట్టిన చేను గట్టు పనికిరాదు. ఊరి రావిచెట్టు కింద మట్టి తెచ్చుకోవడం మేలు.

హైదరాబాదు గ్రూపులో ఎర్రమట్టి సగం అని రాస్తారు. దాన్ని చదివి ఇక్కడి ఒండ్రుమట్టిని సగం పోస్తే కుండీలో నీళ్లు దిగక వేరు కుళ్లుతుంది. మట్టి ఒక వంతు, చివికిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు కలుపుకోండి. కోనసీమలో పొట్టుకి కరువేముంది! కాకపోతే ఉప్పు పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడిగి పిండాలి. ఈ పని ఎగ్గొడితే ఆకు అంచులు మాడతాయి.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది మన మర్యాద. “ఆయ్, అలాగేనండి” అన్నవారు చేశారో లేదో తెలీదు. “చూద్దామండి” అంటే చెయ్యరనే. ఎవరి పంటైనా పోతే నలుగురిలో చెప్పుకోవడం నామోషీ. దాంతో గ్రూపంతా పూసిన కాసిన ఫోటోలే. వారానికో రోజు పోయిన మొక్కలకే కేటాయిస్తే నోళ్లు విడతాయి. ఆకు పైభాగం, ఆకు అడుగు, మొక్క మొత్తం, కుండీ మట్టి అని నాలుగు ఫోటోలు అడగాలి, నీళ్లు ఎప్పుడు పోశారో అడగాలి. పేరు చెప్పడం ఇష్టం లేనివాళ్లు అడ్మిన్‌కి విడిగా పంపితే ఆయనే గ్రూపులో పెట్టొచ్చు. ఆడవాళ్లు బావగార్లూ మామగార్లూ ఉన్న గ్రూపులో పెదవి విప్పరు గనక, విత్తనాలు దాచే పద్ధతులు తెలిసిన పెద్దావిడలకి వేరే గ్రూపు పెట్టి, వాళ్ల మాటల్ని నిమిషం మించని వాయిస్‌ మెసేజీలుగా తీసుకుని, కింద ఒక్క వాక్యం తెలుగులో రాసి పెద్ద గ్రూపులోకి పంపుతున్న చోట పని బాగా జరుగుతోంది.