పేరు పలకను నమ్మితే నట్టేట మునిగినట్టే

నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. మొదటి మాటే గట్టిగా చెబుతాను, కోపం వచ్చేవారికి ఇప్పుడే రానివ్వండి. నీటి అడుగుకు దిగేవారికి సిలిండర్‌లోని గాలిని ఊపిరికి తగినట్టు అందించే యంత్రం స్కూబా రెగ్యులేటర్. పాత స్కూబా రెగ్యులేటర్ మీద ఉన్న పేరు పలక అబద్ధాలకోరు. దాన్ని ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు తయారైంది, లోపల ఏ యంత్రం ఉంది అన్న మూడు ప్రశ్నల్లో ఒక్కదానికైనా అది నికరంగా నిజం చెబుతుందన్న పూచీ లేదు.

గత నెల చెన్నైలో ఒక పాత సామాన్ల అంగడిలో కొని, ఇదే బల్ల మీద పెట్టి చూపించిన రెండు గొట్టాల రెగ్యులేటర్ గురించి ఎంత రభస జరిగిందో మీకు తెలుసు. పలక మీద రాయల్ ఆక్వా మాస్టర్ అన్న మోడల్ పేరు ఉంది కనుక అది రాయల్ రకమేనని నేను వాదించాను. రెండు గొట్టాలున్నాయి కనుక అది ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు కూస్టో 1943 నాటి యంత్రమేనని మీలో సగం మంది పట్టుబట్టారు. తిరుపతిలో కూర్చున్నవాడికి సముద్రపు సామాను సంగతి ఎందుకని మిగిలిన సగం మంది వెక్కిరించారు. మొన్న ఆదివారం దాన్ని విప్పి చూశాను. మనమందరమూ తప్పే, అందరికంటే ముందు నేను తప్పు.

మా అవ్వ ఇచ్చిన ఇత్తడి బిందె ఒకటి ఇంట్లో ఉంది. దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా మా తాత పేరు, ఊరు పేరు కొట్టించి ఉన్నాయి. ఆ పేరు చదివి, ఈ బిందెను మీ తాతే చేశాడా అని అడిగినవారు ఇంతవరకు ఎవరూ లేరు, ఎందుకంటే బిందె మీద ఉండేది ఇచ్చినవారి పేరే గాని చేసిన కంచరి పేరు కాదని మన ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఇంత తెలిసిన మనమే, క్రోమియం పూత వేసిన ఇత్తడి రెగ్యులేటర్ చేతికి రాగానే, పలక మీది పేరును పుట్టుమచ్చలాగా చదువుతున్నాం. అమెరికాలో వోయిట్ అన్న పేరుతో అమ్ముడైన జంట గొట్టాల రెగ్యులేటర్లను తీసుకోండి. పలక వోయిట్‌ది, కడుపులోని యంత్రం యూఎస్ డైవర్స్ అనే మరో సంస్థది. ఇది రహస్యమేమీ కాదు, విప్పి చూసిన ప్రతివారికీ తెలిసినదే.

ఇక నా రెగ్యులేటర్ నన్ను ఎలా మోసగించిందో వినండి. ఈ యంత్రపు శరీరం గుండ్రని డబ్బాలాగా ఉంటుంది. డబ్బాకు మూత, ఆ మూత మీద పలక, మూతను డబ్బాకు పట్టి ఉంచేవి చిన్న చిన్న క్లిప్పులు. 1958లో వచ్చిన డీఏ ఆక్వా మాస్టర్‌కూ, ఆ తరవాత 1960ల్లో వచ్చిన రాయల్ ఆక్వా మాస్టర్‌కూ ఒకదాని మూత మరొకదానికి అమరుతుంది. అంటే ఒక స్క్రూడ్రైవరు, పది నిమిషాల తీరిక ఉంటే చాలు, సామాన్యుడు రాయలైపోతాడు. తేడా అంతా లోపలే ఉంది. రెండింటిలోనూ గాలి పీడనం రెండు దశల్లో తగ్గుతుంది, అయితే రాయల్‌లో మొదటి దశ వాల్వు సమతుల్యమైనది, కనుక సిలిండర్ నిండుగా ఉన్నా అడుగంటుతున్నా రెండు దశల మధ్య పీడనం దాదాపు ఒకేలా నిలుస్తుంది, డీఏలో మాత్రం సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ ఆ పీడనం మారిపోతుంది. నేను గేజీ పెట్టి చూశాను, ముల్లు కదిలింది. అంటే నా చేతిలో ఉన్నది రాయల్ మూత తొడుక్కున్న డీఏ. ఆ ముల్లుతో పాటు నేను పెట్టిన డబ్బు కూడా కదిలిందని వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు రెండు గొట్టాల వాదం సంగతి చూద్దాం. రెండు గొట్టాలుంటే పాతది, ఒక గొట్టం ఉంటే కొత్తది అని వేదవాక్కులా రాసిన వారందరికీ ఒకే జవాబు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్డ్రెడ్ అనే ఆయన పోర్పాయిస్ అన్న పేరుతో ఒక గొట్టపు రెగ్యులేటర్‌ను 1952లోనే అమ్మకానికి పెట్టాడు. ఫ్రాన్సులో పేరు మోసిన మిస్ట్రాల్, అదీ రెండు గొట్టాలదే, వచ్చింది 1955లో. అంటే మీరు కొత్తది అనుకుంటున్న పద్ధతి, మీరు పాతది అనుకుంటున్న మిస్ట్రాల్‌కు అన్న వరస అవుతుంది. అంతటితో ఆగలేదు. 2005 ప్రాంతంలో అదే మిస్ట్రాల్ పేరుతో రెండు గొట్టాల రెగ్యులేటర్‌ను మళ్లీ కొత్తగా చేసి అమ్మారు. అది అటకెక్కి మరో ముప్పై ఏళ్లకు కిందికి దిగితే, మన పిల్లలు దాన్ని ఏ కాలానిదని చెబుతారో ఊహించుకోండి.

ఆ రెండు గొట్టాలు ఎందుకున్నాయో తెలిస్తే ఈ గందరగోళం సగం తీరుతుంది. ఒకటి ఆక్సిజన్‌కు, ఇంకొకటి చెడు గాలికి అని రాసినవారున్నారు. ముందుగా, ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలినే నొక్కి నింపుతారు. నీటిలోకి దిగిన ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కనుక, ఆరేడు మీటర్ల కంటే లోతున శుద్ధ ఆక్సిజన్ విషంగా మారుతుంది. చెరువులోకి ఎవరు దిగినా ఆక్సిజన్ సిలిండర్ కట్టుకుని దిగారని వార్తల్లో చదివే పెద్దమనుషులు ఈ ముక్క కాస్త గుర్తుంచుకుంటే బాగుంటుంది. ఇక రెండో గొట్టం సంగతి. 1943 తొలినాళ్లలో ఫ్రాన్సులోని మార్న్ నదిలో మొదటి నమూనాను పరీక్షించినప్పుడు, కూస్టో నిలువుగా ఉంటే గాలి ఊరికే వరదలా పోయింది, తలకిందులైతే సరిగా అందలేదు. విడిచిన గాలి బయటపడే చోటు, నీటి ఒత్తిడిని గమనించే డయాఫ్రమ్ అనే పలుచని పొర వేర్వేరు ఎత్తుల్లో ఉండటమే కారణం. అందుకే విడిచిన గాలిని రెండో గొట్టం ద్వారా తిరిగి వీపు మీదికి తెచ్చి, డయాఫ్రమ్ పక్కనే బాతు ముక్కు లాంటి రబ్బరు వాల్వు గుండా వదిలారు. ఎల్డ్రెడ్ డయాఫ్రమ్‌నే నోటి దగ్గరికి తెచ్చాడు, రెండో గొట్టం అక్కరలేకపోయింది.

ఆ మార్న్ నది సముద్రం కాదన్న సంగతి గమనించారా? తిరుపతివాడికి ఎందుకన్నవారికి ఇక్కడే నా జవాబు ఉంది. తడ, సూళ్లూరుపేట, పులికాట్ సరస్సులో చాలా భాగం మా జిల్లాలోనే ఉన్నాయన్న మాట పక్కన పెడదాం. ఈ యంత్రం అసలు సముద్రపు బిడ్డ కాదు, నేల బిడ్డ. 1860లో దీనికి మూలరూపం తయారుచేసిన రూకేరోల్ గనుల ఇంజినీరు. నౌకాదళ అధికారి దెనేరూజ్ కలిశాకే, 1864లో అది నీటి పనికి మళ్లింది. ఎమిల్ గాన్యాన్ ఎయిర్ లిక్విడ్ సంస్థలో ఇంజినీరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు దొరకక గ్యాసుతో కార్లు నడపవలసి వచ్చినప్పుడు, ఇంజనుకు కావలసినంతే గ్యాసు అందించే వాల్వు ఆయన చేతిలో ఉండేది, దాన్నే ఆయన, కూస్టో కలిసి మనిషి ఊపిరికి మలిచారు. కూస్టో గొప్పవాడు కాదని నేననడం లేదు. కానీ కారు వాల్వులోంచి పుట్టినదాన్ని పట్టుకుని కూస్టో యంత్రం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, గాన్యాన్ ఏ గంగలో కలిశాడు? 1943 జులైలోనే తన సొంత పరికరంతో మార్సెయ్ దగ్గర 53 మీటర్ల లోతుకు వెళ్లి, మరుసటి ఏడు స్ట్రాస్‌బూర్ విముక్తి పోరులో చనిపోయిన జార్జ్ కొమేన్ పేరు మీలో ఎందరు విన్నారు? ఆయన పేరుతో పలకలు లేవు, అంతే.

అక్షరాల మీద కూడా మనకు ఇదే భక్తి. పాత సిలిండర్ల మీది జే వాల్వు, కే వాల్వు పేర్లలో ఏదో గూఢార్థం ఉందని ఒకాయన నాకు పెద్ద ఉత్తరం రాశాడు. అయ్యా, అవి పాత అమ్మకాల జాబితాలో వస్తువుల పక్కన వరసగా వేసిన అక్షరాలు. చివరన కొంత గాలి మిగిల్చి హెచ్చరించే వాల్వు జే వరసలో పడింది, సాదాది కే వరసలో పడింది.

నా రెగ్యులేటర్ మూత ఇప్పుడు సొరుగులో ఉంది, డబ్బా మాత్రం మూత లేకుండానే బల్ల మీద ఉంది. బాతు ముక్కు రబ్బరు ఎండి అప్పడంలా విరిగిపోయింది, ఇత్తడి మీద పట్టిన పచ్చని చిలుమును చింతపండుతో తోమవద్దని ఇంట్లో చెప్పి ఉంచాను. మీ దగ్గర ఇలాంటిది ఏదైనా ఉంటే తప్పకుండా పంపండి, కలిసి చూద్దాం. పలక ఫొటో పంపితే జవాబు ఇవ్వను. క్లిప్పులు విప్పి, మూత పక్కన పెట్టి, లోపలి మీటలు కనబడేలా తీసిన ఫొటో పంపండి.