కంప చెట్టుకు గడి లేని ఫారం

శ్రోతలకు నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను.

కొన్నేళ్ల కిందట హిందూపురం అవతల ఒక పల్లెకు గోబర్ గ్యాస్ పొయ్యిల వల్ల ఎంత పొగ తగ్గిందో లెక్క చూడటానికి ఒక నిపుణుడు వచ్చారు. ఆయనది ఇంగ్లీషు, ఊరివాళ్లది తెలుగు. మధ్యలో నేను. గ్యాస్ రాకముందు వంటకు కట్టెలు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లని ఆయన ఒక పెద్దమ్మను అడిగారు.

"చెరువు కట్ట మీద కంప నాయనా. కొట్టుకొస్తే మళ్లా చిగురేస్తాది. అది సచ్చే చెట్టు కాదు" అందామె.

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన విన్నారు. విని, 'అడవి' అనే గడిలో టిక్కు పెట్టుకున్నారు. ఆ ఫారంలో కంప చెట్టుకు గడి లేదు.

ఒక్క టిక్కుకు ఇంత బాధ ఎందుకంటారా? పొగ తగ్గించిన లెక్కను క్రెడిట్లుగా అమ్మి కొనే చోటు కార్బన్ మార్కెట్. అందులో ఒక క్రెడిట్ అంటే గాలిలో కలవకుండా ఆపిన ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు. అడవి చెట్టును నరికి కాల్చి, దాని చోట మరో చెట్టు పెరగకపోతే ఆ పొగ గాలిలోనే ఉండిపోతుంది. కంప అలా కాదు. నరికిన మోడు నుంచే చిగురు వేసి, పెరుగుతూ అంత వాయువునూ మళ్లీ పీల్చుకుంటుంది. అందుకే కాల్చిన కట్టెల్లో తిరిగి పెరగనిది ఎంత అన్నదే పొయ్యిల లెక్కకు ఆయువుపట్టు. అది తప్పితే లేని టన్నులు అమ్ముడుపోతాయి. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పొయ్యిల పథకాలు కొన్నిటిని పరిశీలించి, ఇచ్చిన క్రెడిట్లు ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లకు పైగా ఉన్నాయని 2024లో తేల్చారు. తప్పు లెక్కకు ఈ కట్టెల వాటా ఒక ముఖ్య కారణం.

సరిగ్గా లెక్కేస్తే మన పల్లెలకు వచ్చే డబ్బు తగ్గుతుంది కదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. తగ్గనీ. లేని టన్నును అమ్ముకుని వచ్చే డబ్బు మనకెందుకు?

అయితే పెద్దమ్మ మాట అక్కడితో ఆగలేదు. "కరువొచ్చిన ఏడు కంది కట్టె గూడా ఉండదు. అప్పుడు కొండకే పోతాం" అంది. అంటే కరువు ఏడాది లెక్క వేరు, వాన ఏడాది లెక్క వేరు. ఒక్కరోజు వచ్చి వెళ్లే మనిషికి ఇది అందదు. ఇక్కడ పుట్టి పెరిగిన ఇంజనీరుకో, వ్యవసాయ పట్టభద్రురాలికో అడగకుండానే తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. వాతావరణ మార్పుపై దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం 6వ అధికరణం కింద దేశాల మధ్య కొత్త కార్బన్ మార్కెట్ మొదలవుతోంది. దాన్ని నడిపే పర్యవేక్షక మండలిలో 12 మంది సభ్యులు. లెక్కల పద్ధతులు తయారుచేయడానికి వాళ్లకు నిపుణుల బృందాలు కావాలి. జర్మనీలోని బాన్‌లో ఉన్న ఐక్యరాజ్యసమితి వాతావరణ కార్యాలయం వాటికి దరఖాస్తులు పిలుస్తూ ఉంటుంది. ఆఫ్రికా, చిన్న ద్వీప దేశాల వంటి చోట్ల నుంచి నిపుణులు తక్కువన్నది అక్కడి చింత, అది న్యాయమైన చింత. మన దేశం ఆ వరుసలోది కాదు. పారిస్‌కు ముందటి క్యోటో ఒప్పందం కాలంలో చైనా తర్వాత ఎక్కువ కార్బన్ ప్రాజెక్టులు మనవే. కానీ దేశం పేరు ఉన్నంత మాత్రాన అనంతపురం, కడప, కర్నూలు పల్లెలు ఆ బల్ల దగ్గర ఉన్నట్టేనా? నాకు అలా అనిపించదు. మన దేశం సొంతంగా 2023లో ప్రకటించిన కార్బన్ క్రెడిట్ల పథకానికి కూడా లెక్కలు తనిఖీ చేసేవాళ్లు కావాలి.

ఇక్కడ కాలేజీల్లో చదువుతున్న పిల్లలకు ఒక్క మాట. మీకు చదువుంది, ఊరి తెలివుంది. లేనిదల్లా రాసిపెట్టుకున్న రుజువు. మీరు ఏం కొలిచారు, ఎలా కొలిచారు, ఎన్నాళ్లు కొలిచారు అన్నది దరఖాస్తులో చూపించగలగాలి. దరఖాస్తుకు ఐక్యరాజ్యసమితి రూపాయి కూడా తీసుకోదు. ఎవరైనా ఫీజు అడిగితే అది మోసం, కట్టకండి.

ఈ ఆదివారం ఒక నోటుబుక్కు కొనండి. మీ ఊరి చెరువు కట్ట మీద నరికిన కంప మోడు ఒకటి చూసుకోండి. నరికిన తేదీ రాయండి. నెలనెలా వెళ్లి చిగురు పొడవు, మందం కొలిచి ఇంగ్లీషులో రాయండి. వాన పడిన రోజు కూడా రాయండి. పెద్దమ్మ చెప్పిన మాటకు ఫారంలో ఒక గడి అలాగే వస్తుంది.

నమస్కారం.