బ్యాటరీ షాపు బ్లాగులో ఏం రాయాలి? కౌంటర్ దగ్గర అడిగేదే రాయాలి

నమస్కారం. ముందు స్క్రీన్ మీద ఉన్న ఈ రెండు లైన్లు చదవండి. "నేటి ఆధునిక యుగంలో విద్యుత్ అనేది మానవ జీవితంలో విడదీయరాని భాగమైపోయింది. వేసవి కాలం వచ్చిందంటే విద్యుత్ కోతలు సర్వసాధారణం." ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే షాపుల బ్లాగులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. స్కూల్లో వ్యాసరచన పోటీకైతే బ్రహ్మాండంగా ఉంటుంది. కరెంటు పోయి, ఇన్వర్టర్ కుయ్ కుయ్‌మంటుంటే ఫోన్ పట్టుకుని వెతుక్కునేవాడికి మాత్రం ఇందులో ఒక్క ముక్క పనికిరాదు.

ఈ వీడియోలో మన లెక్క కోసం తెనాలిలో ఒక ఇన్వర్టర్ బ్యాటరీల షాపు ఉందనుకుందాం. దుగ్గిరాల, కొల్లిపర, వేమూరు దాకా వెళ్లి బిగించి వస్తారు. వీళ్ల బ్లాగుని దేశమంతా చదవక్కర్లేదు. చుట్టుపక్కల నుంచి నెలకి పది ఫోన్లు వస్తే చాలు.

ఏం రాయాలో తెలియట్లేదంటారు. కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టండి. వచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు అడిగిన ప్రతి ప్రశ్ననీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "బ్యాటరీలో నీళ్లు ఎన్నాళ్లకి పోయాలండీ?" "మూడు ఫ్యాన్లు ఎంతసేపు తిరుగుతాయి?" "పాతది ఇస్తే ఎంత తగ్గిస్తారు?" ఒక్క వారంలో మీకు పదిహేను పోస్టులకి సరిపడా సరుకు దొరుకుతుంది. ఒక ప్రశ్నకి ఒక పోస్టు. నాలుగు ప్రశ్నలు ఒకే పోస్టులో కుక్కితే దేనికీ సరిగ్గా జవాబు దొరకదు, గూగుల్‌కి కూడా అది దేని గురించో అర్థం కాదు.

నీళ్ల పోస్టే తీసుకుందాం. మొదటి లైన్లోనే జవాబు చెప్పేయండి. ఇలా: "ట్యూబ్యులర్ బ్యాటరీలో రెండు మూడు నెలలకోసారి, ఎండాకాలంలో నెలకోసారి నీళ్ల మట్టం చూడాలి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి." తర్వాత కారణం. కుళాయి నీళ్లలో, బోరు నీళ్లలో ఉప్పులు, ఇనుము ఉంటాయి, అవి ప్లేట్లని పాడు చేస్తాయి. యాసిడ్ అస్సలు కలపకూడదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది. ప్లేట్లు తేలి కనపడుతుంటే తప్ప, ఫుల్ ఛార్జ్ అయ్యాకే పోయాలి. దిగిపోయిన బ్యాటరీలో గుర్తు దాకా నింపితే ఛార్జ్ ఎక్కేకొద్దీ మట్టం పెరిగి పైకి పొంగుతుంది, టెర్మినళ్లు పచ్చగా తుప్పు పడతాయి. మూత తీసినప్పుడు దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. చూశారా, ఇదంతా షాపులో కుర్రాడికి తెలిసిన విషయమే. రాస్తే మూడొందల పదాలు కూడా దాటదు. వెయ్యి పదాలుంటేనే గూగుల్ చూపిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, పదాల సంఖ్యకి అలాంటి రూలేమీ లేదు.

ఫ్యాన్ల ప్రశ్నకైతే లెక్క వేసి చూపించండి. 150 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీ, 12 వోల్టులు: గుణిస్తే 1800 వాట్ అవర్స్. నష్టాలు పోను సుమారు 70 శాతం చేతికొస్తుందనుకుంటే 1260. మూడు మామూలు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, అంటే 225. ఐదు ఎల్‌ఈడీ బల్బులు 45. వైఫై రౌటర్ 10. మొత్తం 280. 1260ని 280తో భాగిస్తే నాలుగున్నర గంటలు. అవే మూడు, కరెంటు తక్కువ తీసుకునే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే లోడు 145కి పడిపోతుంది, ఎనిమిదిన్నర గంటలు దాటుతుంది. కొత్త బ్యాటరీకే ఈ లెక్క అని, పాతబడేకొద్దీ తగ్గుతుందని కిందే రాయండి. లేకపోతే మూడేళ్ల బ్యాటరీ పెట్టుకున్నాయన వచ్చి మీ పోస్టు చూపించి గొడవ పెట్టుకుంటాడు.

ధర రాయాలా వద్దా? రాయండి. "ధర కోసం సంప్రదించండి" అని చూడగానే చాలామంది పక్క షాపుకి ఫోన్ చేస్తారు. ఇంత నుంచి ఇంత అని చెప్పి, ఏ తేదీ నాటి ధరో పక్కనే వేయండి. పాత బ్యాటరీకి ఇచ్చే రేటు సీసం ధరని బట్టి మారుతుంది కాబట్టి దానికి తేదీ మరీ ముఖ్యం.

ఇక తెలుగులో రాసేవాళ్లకే వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి, వీటి గురించి ఇంగ్లీషు వీడియోల్లో ఎవరూ చెప్పరు. మొదటిది, డీటీపీ షాపులో కొట్టించిన పాంప్లెట్ మ్యాటర్ కాపీ చేసి పెట్టడం. అది డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్‌లో ఉంటే బ్లాగులో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డ్ జీబోర్డ్ పెట్టుకుని తెలుగులో మాట్లాడితే అదే టైప్ చేస్తుంది, మీరు తప్పులు దిద్దుకుంటే సరిపోతుంది. పాంప్లెట్ ఫొటో తీసి అదే పోస్టుగా పెట్టేసేవాళ్లూ ఉన్నారు. బొమ్మలోని అక్షరాల్ని నమ్ముకుని వెతుకులాటలో పైకి రావడం కష్టం.

రెండోది లింకు. బ్లాగర్‌లో హెడ్డింగ్ మొత్తం తెలుగులో ఉంటే లింకు "బ్లాగ్-పోస్ట్" అని మాత్రమే తయారవుతుంది, తర్వాతి వాటికి పక్కన అంకెలు చేరతాయి. వర్డ్‌ప్రెస్‌లో ఇంకోలా ఉంటుంది: ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు పర్సెంట్ గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులవుతుంది, ఒత్తయితే పద్దెనిమిది. వాట్సాప్‌లో పంపితే గజం పొడుగు కనిపిస్తుంది, చూసినవాళ్లు ఏ వైరస్సో అనుకుని నొక్కరు. పబ్లిష్ చేయకముందే పర్మాలింక్ (పోస్టు లింకు మార్చుకునే చోటు) దగ్గరికెళ్లి ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు పదాలు మీరే ఇవ్వండి. పబ్లిష్ చేశాక మారిస్తే పంపిన పాత లింకులు పనిచేయకపోవచ్చు.

ఫొటోలు మీ షాపువే పెట్టండి, నెట్‌లో దొరికినవి వద్దు. తుప్పు పట్టిన టెర్మినల్ ఒక్కటి దగ్గరగా తీసిన ఫొటో నవ్వుతున్న ఫ్యామిలీ బొమ్మ కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఫోన్ ఫొటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీ ఉంటుంది, అలాగే ఎక్కిస్తే సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లలో పేజీ తెరుచుకోదు. వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించి, 200 కేబీ లోపు పెట్టుకోండి.

ఊరి పేరు హెడ్డింగులో ఒకసారి, లోపల అవసరమైన చోట వస్తే చాలు. "తెనాలిలో ఉత్తమ బ్యాటరీ, తెనాలి బ్యాటరీ షాపు" అని లైను లైనుకీ తగిలిస్తే చదివేవాడికి వెగటు. ఒకే పోస్టుని ఊరి పేరు మార్చి ఇరవై ఊళ్లకి ఇరవై పేజీలు చేసిచ్చేవాళ్ల జోలికి అసలు వెళ్లకండి. వాటిని డోర్‌వే పేజీలంటారు, గూగుల్ దృష్టిలో అది స్పామ్. దానికి బదులు కొల్లిపరలో మీరు నిజంగా బిగించిన ఒక పని గురించి, ఇంటివాళ్లని అడిగి, లోడు ఎంత, ఏ బ్యాటరీ ఎందుకు పెట్టారో రాయండి. షాపు పేరు, అడ్రస్, ఫోన్ నంబరు మాత్రం గూగుల్ మ్యాప్స్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా బ్లాగులోనూ ఉండాలి.

ఎండాకాలం పోస్టులు ఏప్రిల్‌లో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. కొత్త బ్లాగుని గూగుల్ పట్టించుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. జనవరిలో రాసేయండి. నెలకి రెండు పోస్టులు చాలు.

చివరిగా వాట్సాప్ లింకు. డబ్ల్యూఏ డాట్ ఎంఈ స్లాష్, తర్వాత 91, తర్వాత మీ పది అంకెలు. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఏవీ ఉండకూడదు. దీని వెనకాల ముందే రాసిపెట్టిన మెసేజ్ తగిలించవచ్చు, ప్రతి పోస్టుకీ వేరే మెసేజ్ పెట్టండి. నీళ్ల పోస్టులో "నీళ్ల గురించి చదివాను, ఒక డౌటు" అని, ఫ్యాన్ల పోస్టులో "మా ఇంటి లోడు లెక్క కావాలి" అని. గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఏ మాటలు వెతికి మీ పేజీకి వచ్చారో తెలుస్తుంది, ఏ దేశం నుంచో తెలుస్తుంది, కానీ తెనాలి నుంచో తిరుపతి నుంచో చెప్పదు. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌కి మీరే "ఏ ఊరండీ?" అని అడగండి, ఆ జవాబుని నోట్‌బుక్‌లో పోస్టు పేరు పక్కన రాసుకోండి. మూడు నెలలయ్యాక ఏ పోస్టు పక్కన చుట్టుపక్కల ఊళ్లు ఎక్కువున్నాయో చూసుకుని, తర్వాతి పోస్టు దానికి దగ్గరి ప్రశ్న మీద రాయండి.