గుళ్ళ ఫోటోలు దొరుకుతాయి, ఊళ్ళ ఫోటోలు ఏవి? రాయలసీమ రోజువారీ గతాన్ని చదవడం ఎలా

[తెర మీద: తాడిపత్రి ఆలయ గోపురం, పాత నలుపు తెలుపు ఫోటో]

తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి ఇది. ఫోటో తీసింది ఎడ్మండ్ డేవిడ్ లయన్ అనే మాజీ సైనికాధికారి. పాత కట్టడాలను ఫోటోలు తీసే పనిని 1867-68లో మద్రాసు ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. పూర్తికాని ఆ గోపురం మీద శిల్పాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంటుంది.

కానీ ఆ రోజు తాడిపత్రి సంతలో జొన్నలు దేంతో కొలిచారు, ఆడవాళ్ళు ఏ చీర కట్టారు, పిల్లలు ఏం ఆడుకున్నారు? ఇవేవీ ఈ ఫోటోలో కనిపించవు. 150 ఏళ్ళ కింద కెమెరా మన సీమకు వచ్చింది, గుళ్ళు చూసింది, కోటలు చూసింది, వెళ్ళిపోయింది. మరి మన ముత్తాతలు రోజూ ఎలా బతికారో తెలుసుకోవాలంటే ఎక్కడ వెతకాలి? ఈ వీడియో దాని గురించే.

[తెర మీద: గాజు ప్లేటు, చీకటి గుడారం బొమ్మలు]

ముందు కెమెరా సంగతి. అప్పట్లో ఫిల్ము లేదు, గాజు పలక ఉండేది. దాని మీద మందు పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, వెంటనే అక్కడే చీకటి గుడారంలో కడగాలి. మొత్తం పని పది, పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. మన ఎండలో అంత టైము కూడా ఉండదు. ఫోటోగ్రాఫర్ గుడారం, సీసాలు, పెట్టెలు, నీళ్ళు అన్నీ బండి మీద వేసుకుని తిరగాల్సిందే.

పైగా ప్లేటు మీద వెలుతురు కొన్ని సెకన్ల పాటు పడాలి. గోపురం కదలదు కాబట్టి చక్కగా పడుతుంది. నడిచిపోయే మనిషి మసకగా పడతాడు, లేదా అసలు పడడు. పాత ఫోటోల్లో వీధులు నిర్మానుష్యంగా కనిపించడానికి ఇదొక కారణం. అక్కడ జనం ఉండే ఉంటారు. ప్లేటు వాళ్ళను పట్టుకోలేకపోయింది, అంతే.

కదలకుండా నిలబెట్టిన మనిషి మాత్రం పడతాడు. కట్టడం ఎంత ఎత్తుందో తెలియడానికి అప్పటి ఫోటోగ్రాఫర్లు పక్కన ఎవరినో ఒకరిని నిలబెట్టేవాళ్ళు. కింద గుడి పేరు రాస్తారు, ఊరు పేరు రాస్తారు, ఆ మనిషి పేరు మాత్రం రాయరు. నాకు ఈ ఫోటోల్లో అన్నిటికంటే బాధ కలిగించేది అదే. అందుకే పాత ఫోటో దొరికితే నేను మధ్యలో ఉన్న గోపురాన్ని వదిలేసి ముందు మూలలు చూస్తాను. తలపాగా ఎలా చుట్టుకున్నాడు, కాళ్ళకు చెప్పులున్నాయా, వెనక ఇల్లు మిద్దెనా కొట్టమా, గోడకు ఆనించి ఏముంది. రోజువారీ బతుకు ఆ మూలల్లో దొరుకుతుంది.

[తెర మీద: 1876-78 కరువు నాటి ఫోటోలు. మసక చేసి చూపించాలి]

జనమే మధ్యలో ఉన్న ఫోటోలు కూడా కొన్ని ఉన్నాయి. అవి చూడటం కష్టం. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని తినేసిన కరువు ఫోటోలవి. అది ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మన పెద్దలు ధాత కరువు అంటారు. కర్నూలు, కడప, అప్పటి బళ్ళారి జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికి బళ్ళారిలోనే ఉంది, విడి జిల్లా అయింది 1882లో. మొత్తం దేశంలో 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా.

ఆ ఫోటోలు తీసింది విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి. ఎముకల గూళ్ళలా మిగిలిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీశాడు. ఫోటో తీయడమే తప్ప వాళ్ళకు సాయం చేయలేదని ఆయన మీద విమర్శ ఉంది. వీటిలోనూ పేర్లు లేవు.

ఆ ఎముకలు ఎందుకు అలా తేలాయో ఫోటో చెప్పదు, కాగితాలు చెప్తాయి. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజంతా మట్టి మోస్తే ఇచ్చింది ఒక పౌను గింజలు, అంటే దాదాపు 450 గ్రాములు, దాంతోపాటు ఒక అణా. ఖర్చు తగ్గించాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి పెట్టిన కొలత అది. ఈ తిండితో మనిషి పని చేయలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా అడ్డం తిరిగాడు. ఈ సంగతి తెలిసి చూస్తే ఫోటోలో వానలేమి ఒక్కటే కనిపించదు, ఒక ఆఫీసు ఉత్తర్వు కూడా కనిపిస్తుంది. సోషల్ మీడియాలో ఈ ఫోటోలు తిప్పేటప్పుడు నాలుగు లైక్‌ల కోసం కాకుండా ఈ రెండు మాటలు కూడా రాయమని కోరుతున్నాను.

[తెర మీద: లేపాక్షి పైకప్పు చిత్రాలు]

ఇక కెమెరా రాకముందు సంగతి. లేపాక్షి వీరభద్ర స్వామి గుడికి వెళ్ళిన వాళ్ళు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫోటో దిగి వచ్చేస్తారు. దయచేసి ఈసారి మండపంలో తలెత్తి చూడండి. 16వ శతాబ్దంలో, విజయనగరం రోజుల్లో విరూపణ్ణ కట్టించిన గుడి అది. పైకప్పు బొమ్మల్లో కథలు శివుడివి కావచ్చు, బట్టలు మాత్రం ఆ కాలపు మనుషులవి. చీరల మీద గళ్ళు, చారలు, పువ్వులు, ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు. మగవాళ్ళ తలల మీద కోసుగా లేచిన కుళ్ళాయిలు. కొప్పు పక్కకు జరిపి ముడిచిన తీరు. 16వ శతాబ్దపు బట్టల కొట్టు కేటలాగ్ అనుకోండి. ఈరోజుకీ లేపాక్షి డిజైన్ అంటూ చీరల అంచుల మీద నేస్తున్నారంటే ఆ చేయి ఇంకా ఆగలేదన్నమాట.

అదే గుడి ఆవరణలో నేల మీద రాతిలోనే తొలిచిన పళ్ళేలు ఉన్నాయి. గుండ్రటి పళ్ళెం, అందులో కూరకు, పచ్చడికి చిన్న చిన్న గుంటలు. గుడి కట్టిన పనివాళ్ళు అన్నం తిన్న పళ్ళేలని అక్కడివాళ్ళు చెప్తారు. రంగులు కలుపుకున్న గుంటలు అనేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా సరే, అవి పని చేసిన చేతుల జాడలే. రాజుగారి శాసనం ముందు ఎంతసేపు నిలబడతామో, వాటి ముందూ అంతసేపు నిలబడాలని నా ఉద్దేశం.

[తెర మీద: తాటాకు, పాత చేతిరాత కాగితాలు]

రాతలోనూ ఇలాంటి సంపద ఉంది. 1800లో నిజాం మన సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక కాలిన్ మెకంజీ అనే కంపెనీ సైనికాధికారి ఇక్కడ సర్వే చేయించాడు. ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, ఇంకా మరికొందరు ఊరూరా తిరిగి కరణాలను, పెద్దలను అడిగి రాసుకున్నవే కైఫీయత్తులు. ఊరు ఎట్లా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఇవన్నీ వాటిల్లో ఉంటాయి. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోనే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం పుస్తకాలుగా తెచ్చింది. మీ ఊరు కడప జిల్లాలో ఉంటే ఒకసారి వెతకండి, దొరికినా దొరకొచ్చు.

[తెర మీద: ఇత్తడి బిందె అంచు, చాలా దగ్గరగా]

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. ఇది మా జేజి, అంటే మా నాయనమ్మ బిందె. అంచు కింద చుక్కచుక్కగా అక్షరాలు కనిపిస్తున్నాయి కదా. సన్న ఉలితో కొట్టిన చుక్కలవి. ఆమె పేరు, పుట్టింటి ఊరు పేరు, 1958 అని సంవత్సరం. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన బిందె. మా జేజి పేరు రాసి ఉన్న అంత పాత వస్తువు మా ఇంట్లో ఇంకొకటి లేదు. పొలం పట్టాలో జేజినాయన పేరే ఉంటుంది. ఆడవాళ్ళ పేర్లు కాగితాల మీద దొరకవు, గిన్నెల మీద దొరుకుతాయి.

మరి మనం ఏం చేస్తున్నాం? పాత సామాన్లకు వచ్చిన మనిషికి కిలోల లెక్కన వేసేస్తున్నాం. అమ్మకూడదు అని నేను అనను, ఎవరి ఇబ్బంది వాళ్ళది. అమ్మే ముందు ఆ అక్షరాల మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దండి, అక్షరాలు తేలతాయి. ఫోన్‌లో ఒక ఫోటో కూడా తీయండి. ఉంచుకునేట్లయితే చింతపండు వేసి గట్టిగా తోమకండి, చుక్కలు అరిగిపోతాయి.

[తెర మీద: పాడుబడిన మోటబావి, రాతి స్తంభాలు, వాలు దారి]

ఇంకొక వస్తువు. కర్నూలు, అనంతపురం పల్లెల్లో బావి గట్టున నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటి ముందు నుంచి కిందికి వాలుగా తవ్విన దారి చూసే ఉంటారు. అది కపిల, అంటే ఎద్దులతో బావి నీళ్ళు తోడే మోట. ఇప్పుడు చాలామంది పిల్లలు దాన్ని చూసి ఏదో సమాధి అనుకుంటున్నారు.

పని ఎట్లా జరిగేదంటే, బావిలోకి పెద్ద బాన దిగుతుంది. బాన అడుగున తోలు తొండం ఉంటుంది. బానకు లావు మోకు, తొండం మూతికి సన్న తాడు. ఎద్దులు వాలులో కిందికి నడుస్తుంటే బాన పైకి లేస్తుంది. తోలే మనిషి మోకు మీద కూర్చుంటాడు, ఆయన బరువు కూడా ఎద్దులకు సాయం. పైకి వస్తున్నంతసేపూ సన్న తాడు బిగువుగా ఉండి తొండం మూతిని పైకి లాగి పట్టుకుంటుంది, నీళ్ళు పోవు. గట్టు దగ్గరికి రాగానే తొండం ముందుకు పడి నీళ్ళు తొట్టిలోకి, అక్కడ నుంచి కాలవలోకి. ఎద్దులు వెనక్కి నడుస్తూ మళ్ళీ పైకి. తెల్లవారుజామున మొదలుపెడితే పొద్దెక్కేదాకా ఇదే. ఎద్దులు నడకలో ఉండటానికి మనిషి పాడుతూనే ఉండాలి. ఆ కపిల పాటలు పాడగలిగిన గొంతులు కరెంటు మోటార్లు వచ్చాక ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. రాయి మిగిలింది. తోలు, మోకు, పాట పోయాయి. స్తంభం ఒక్కటే తెచ్చి మ్యూజియంలో పెడితే చూసేవాళ్ళకు ఏం అర్థమవుతుంది?

పాతరలదీ అంతే. జొన్నలు ఏళ్ళ తరబడి దాచుకోవడానికి గట్టి నేలలో తవ్విన గోతులవి. చుట్టూ గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టితో మూసేవాళ్ళు. తెరిచిన వెంటనే లోపలికి దిగితే చెడ్డగాలికి ప్రాణం పోతుందని తెలుసు కాబట్టి, ముందు గాలి ఆడనిచ్చి ఆ తర్వాతే దిగేవాళ్ళు. గొయ్యి ఎక్కడైనా కనిపిస్తుంది. ఈ జాగ్రత్త మాత్రం ఆ పని చేసిన మనిషికే తెలుసు.

[తెర మీద: జగన్నాథగట్టు ఆలయం, తర్వాత శ్రీశైలం జలాశయం]

1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు నీళ్ళలోకి వెళ్ళాయి. కొన్ని పాత గుళ్ళను రాయి రాయిగా విప్పి వేరే చోట మళ్ళీ కట్టారు. కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద ఉన్న రూపాల సంగమేశ్వరాలయం అట్లా వచ్చిందే. మంచి పని. అయితే ఆ ఊళ్ళ వీధులు, రచ్చబండలు, చవుడు మిద్దెల మీద వెలుతురు కోసం పెట్టిన గవాచీలు ఎవరూ విప్పి తేలేదు. అక్కడి నుంచి వచ్చేసిన కుటుంబాల దగ్గర ఉన్న ఒకటీ అరా పెళ్ళి ఫోటోల్లో, వెనకాల పడిన గోడల్లో మిగిలి ఉంటే ఉన్నాయి. మీది అలాంటి కుటుంబమైతే మీ ఆల్బమ్ మామూలు ఆల్బమ్ కాదు.

ఆ ఆల్బమ్‌లకు కూడా గండాలు ఉన్నాయి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర కర్నూలు ఊరి మీదికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టెల్లో ఉన్నవన్నీ నానిపోయాయి. అట్లాంటి టైములో టెన్షన్‌లో చేసే పని, అతుక్కున్న ఫోటోలను పట్టి లాగడం. లాగకండి. మంచి చల్లటి నీళ్ళలో ఉంచితే వాటంతట అవే విడివడతాయి. తర్వాత నీడలో, నూలు గుడ్డ మీద, బొమ్మ వైపు పైకి పెట్టి ఆరనివ్వండి. రెండు రోజుల్లోపు చేయాలి, ఆలస్యమైతే బూజు పడుతుంది. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను ఊడదీయకుండా అద్దం మీద నుంచే కాపీ తీయించండి. లామినేషన్ మాత్రం చేయించవద్దు, అది మళ్ళీ ఊడదు, ఫోటో దాంట్లోనే పాడైపోతుంది.

[తెర మీద: ఫోటో వెనక వైపు, పెన్సిల్ పట్టుకున్న చెయ్యి]

ఫోటో వెనక బాల్ పెన్‌తో రాస్తే ముందు వైపు గాడి పడుతుంది, మెత్తటి పెన్సిల్ వాడండి. ఎడమ నుంచి కుడికి పేర్లు, ఊరు, సుమారు ఏ సంవత్సరం, ఎవరు చెప్పారు. స్టూడియో ముద్ర ఉంటే దాన్నీ ఫోటో తీయండి, ఏ ఊరికి వెళ్ళి దిగారో తెలుస్తుంది. పెద్దవాళ్ళను “ఇందులో ఎవరున్నారు?” అని మాత్రమే అడిగితే పేర్లు చెప్పి ఊరుకుంటారు. “ఈ గడియారం ఎవరిది? ఈ చీర యాడ కొన్నారు? ఆ పొద్దు బండి కట్టుకుని పోయారా, బస్సెక్కారా?” అని అడగండి. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టండి. స్టూడియోలో ముందుకు పెట్టి కూర్చున్న ఆ చేతి గడియారం స్టూడియో వాళ్ళదే అని ఒక్కోసారి బయటపడుతుంది. అది కూడా రాసుకోవాల్సిన చరిత్రే.

తర్వాతి వీడియో కపిల మీద చేస్తున్నాం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎవరి ఇంట్లోనైనా కపిల తోలుతుండగా తీసిన ఫోటో ఉంటే, ముందూ వెనకా రెండు వైపులా ఫోటో తీసి పంపండి. ఫోటో లేకపోయినా ఫర్వాలేదు. కపిల పాట నాలుగు చరణాలు గుర్తున్న అబ్బ, అంటే తాత, ఎవరైనా ఉంటే ఏ ఊరో కామెంట్‌లో రాయండి, మేమే వస్తాం.