ఒకే ఇంట్లో రెండు పాస్‌పోర్టులు

అందరికీ నమస్కారం. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు ఏ దేశపువాళ్లు అని అడిగితే తెలుగు బడి గురించో, కూచిపూడి క్లాసుల గురించో మాట్లాడతాం. నేను మాత్రం పుట్టిన తేదీతో మొదలుపెడతాను.

రెండేళ్లప్పుడు విజయవాడ నుంచి వచ్చిన అక్క, డాలస్‌లో పుట్టిన తమ్ముడు. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే యాస. తమ్ముడు పుట్టుకతోనే పౌరుడు. అక్క హెచ్‌-4 మీద ఉంది, అంటే హెచ్‌-1బీ ఉద్యోగి మీద ఆధారపడ్డవాళ్లకిచ్చే వీసా మీద, అదీ 21 ఏళ్లు నిండేదాకానే. ఈ తేడా ఇంట్లో ఎవరూ ఎత్తరు. తోటివాళ్లంతా వేసవి ఉద్యోగాలకు వెళ్తుంటే తను వెళ్లకూడదని, కాలేజీకి ఫెడరల్ సాయం రాదని తెలిసినప్పుడు ఆ పిల్లకు మొదటిసారి అర్థమవుతుంది.

ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు దాదాపు 1,40,000. అందులో ఒక దేశానికి మామూలుగా 7 శాతం పరిమితి. అందుకే మన వరుస అంత పొడుగు. పోనీ చిన్నప్పుడే వచ్చినవాళ్లను దేశం నుంచి పంపేయకుండా ఆపే డాకా ఉంది కదా అంటే, అది 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధ హోదా లేనివాళ్లకే. అన్ని కాగితాలతో వచ్చిన పిల్లకు ఆ తలుపూ మూసే ఉంది!

మిగిలింది 2002 నాటి సీస్పా చట్టం. అమ్మానాన్నలతోపాటు గ్రీన్‌కార్డు రావాలంటే పిల్ల వయసు 21 లోపు ఉండాలి; ఆ వయసు ఎలా లెక్కపెట్టాలో ఇది చెబుతుంది. మన వంతు వచ్చిన రోజుకు పిల్ల వయసెంతో చూసి, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే అర్జీ) విచారణలో ఉన్న రోజుల్ని అందులోంచి తీసేస్తారు. వయసు 21 ఏళ్ల 4 నెలలు, ఐ-140 ఆరు నెలలు నడిచింది అనుకోండి: లెక్కలో 20 ఏళ్ల 10 నెలలు, గట్టెక్కినట్టే. అదే త్వరగా తేల్చమని ప్రీమియం రుసుము కట్టి 15 పనిదినాల్లో తెప్పించుకుంటే తీసేయడానికి రోజులే మిగలవు. తొందరపడి కట్టిన డబ్బే పిల్లకు అడ్డం పడుతుంది. ఐ-140కి ముందు కార్మిక శాఖ ఇచ్చే అనుమతి, పెర్మ్‌కు పట్టిన కాలం అసలు లెక్కలోకే రాదు. 2025 ఆగస్టు 15 నుంచి వేసిన దరఖాస్తులకు వంతు వచ్చిందా లేదా అన్నది నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లోని ఫైనల్ యాక్షన్ (గ్రీన్‌కార్డు ఇవ్వగలిగే తేదీల) పట్టికనుబట్టే. అందులోనే ఉండే ఫైలింగ్ తేదీల (దరఖాస్తు వేయగలిగే తేదీల) పట్టిక చూసుకుని ధీమాగా ఉండొద్దు. వంతు వచ్చాక ఏడాదిలోగా గ్రీన్‌కార్డుకు అడుగు వేయాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సీస్పా కాపాడేది గ్రీన్‌కార్డు వంతుని, హెచ్‌-4ని కాదు. వంతు రాకపోతే 21 నిండకముందే, మరో హోదా లేనివాళ్లు ఎఫ్‌-1కి (విద్యార్థి వీసా హోదాకి) మారేందుకు ఐ-539 దరఖాస్తు వేయాలి. అది తేలకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే. అమ్మమ్మను చూడ్డానికి ప్రయాణం పెట్టుకునేముందు ఇది గుర్తుంచుకోండి. ఎఫ్‌-1కి మారితే కాలేజీలో లోకల్ ఫీజు (ఆ రాష్ట్రంవాళ్లకిచ్చే తక్కువ ఫీజు) ఉంటుందో పోతుందో రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. ముందే కాలేజీ రిజిస్ట్రార్‌ను అడిగి జవాబు రాతలో తీసుకోండి.

పైగా ఎఫ్‌-1 అడిగేవాళ్లు చదువయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లే ఉద్దేశం చూపించాలి. రెండేళ్లప్పుడు వదిలిన విజయవాడే తన ఇల్లని ఆ పిల్ల చెప్పాలి. అది నిజమో అబద్ధమో తనకే తెలీదు. ఈ మాటకు అధికారి ముందు తడబడేకంటే, తొమ్మిదో గ్రేడులోనే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం నయం. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు), ఐ-140 కాగితాలు తన ముందే పరవండి. తమ్ముణ్ణి గదిలోంచి పంపేయకండి.