ఎండాకాలం లైబ్రరీ: పిల్లలొచ్చే యాళ్లకే ఛార్జ్ అప్పగింతలు

నమస్తే. 1904లనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న హనుమకొండ మనది. ఇసొంటి జాగల ఎండాకాలం రాంగనే కొన్ని లైబ్రరీల తలుపుకు ఒక కాగితం కనవడ్తది: "స్టాక్ వెరిఫికేషన్, ప్రవేశం లేదు." బడులు బంద్ వెట్టి పిల్లలొచ్చే యాళ్లకే లైబ్రేరియన్ రిటైరైతడు, లేకుంటే బదిలైతడు. పుస్తకాలన్నీ లెక్కవెట్టి కొత్తగొచ్చేటాయనకు ఛార్జ్ అప్పగియ్యాలె గదా అంటరు. అప్పగియ్యాలె, నిజమే. తలుపులు మాత్రం మూయనక్కర్లేదు.

లెక్క చూడుండ్రి. ఇద్దరు కూసుంటరు. ఒకరు ర్యాకుల నుంచి పుస్తకం తీసి అక్సెషన్ నంబర్, అంటే లైబ్రరీల చేరినప్పుడు ఆ పుస్తకానికి ఇచ్చిన వరుస నంబర్, సదువుతరు, ఇంకొకరు నంబర్లు రాసుకున్న షీటు మీద పెన్సిల్‌తోని టిక్కు వెడ్తరు. పుస్తకానికి 15 సెకన్లంటే గంటకు 240. పది వేల పుస్తకాలకు దాదాపు 42 గంటలు. పొద్దుగాల 8 నుంచి 10 దాకా పిల్లలకు ఇడిసిపెట్టి, పగటీలి ఎవలూ రాని ఎండల రోజుకు నాలుగు గంటలు చేసినా 11 రోజుల్ల ఒడుస్తది. ఒక్కో ర్యాకుకు తాడు కట్టి లెక్కవెట్టుండ్రి. పేపర్ల హాలు, గ్రూప్స్‌కు సదువుకునేటోళ్ల కుర్చీలు ముట్టుడే ఉండది.

తప్పులు ఎక్కువ యాడ అయితయంటే, అట్ట మీది లేబుల్ చూసి నంబర్ సదివిన కాడ. ఎండలకు గమ్ము ఎండి లేబుల్ ఊడుతది, ఎవరో దొరికిన పుస్తకానికి అంటిస్తరు. అందుకే టైటిల్ పేజీ ఎనుక రాసిన నంబరే సదువాలె, సీక్రెట్ పేజీ (గుర్తు కోసం లైబ్రరోళ్లు లోపల ముద్ర ఏసుకునే పేజీ) స్టాంపుతోని సరిచూసుకోవాలె. రెండోది, ఇండ్లకు పోయినయి, బైండింగ్‌కు పోయినయి లేవని రాసుడు. టిక్కు పడని నంబర్లన్నీ ముందుగాల ఇష్యూ రిజిస్టర్‌తోని, తర్వాత బైండింగ్ జాబితాతోని కలిపి చూసినంకనే "మిస్సింగ్" అనే మాట రాయాలె.

రిటైర్మెంట్ రోజు శాలువాలు, ఫొటోలు మస్తుగ ఉంటయ్, సంతకాలు మాత్రం పొద్దుమూకి హడావుడిగ. ఆడనే పంచాయితీ. కొత్తగొచ్చినాయన చూడని ర్యాకుకు సంతకం వెట్టొద్దు. జాబితా రెండు కాపీలు రాసి, ర్యాకుకు ఒక సంతకం ఏ రోజుకారోజు తీసుకుంటే ఆఖరు రోజు తాళంచెవులు, డిపాజిట్ల రసీదు బుక్కు, బీరువా సామాన్లే మిగులుతయ్. ఒక్కరికే రెండు శాఖల ఇంచార్జ్ ఇస్తే, ఏ రోజు యాడ ఉంటరో బోర్డు మీద రాసిపెట్టుడు కనీస మర్యాద. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కట్టేటోళ్లు అడిగే హక్కున్నోళ్లే.

ఇగ కూలర్ సంగతి. రోళ్లు పగిలే రోహిణి కార్తెల కూలర్ లేకుండ పిల్లలు కూసోరు. దాన్ని ర్యాకుల దిక్కు తిప్పి కిటికీలు మూస్తే తేమ నిలిచి పుస్తకాలకు బూజు పడ్తది, వెండిపురుగు చేరుతది. కిటికీల కూలర్ వెట్టి ఎదురు కిటికీ తెరువుండ్రి, గాలి చాపల మీది పిల్లలకే తగలాలె. స్టాక్ కోసం ర్యాకులు ఎట్లాగూ కదుపుతరు గాబట్టి, తిరిగి వెట్టేటప్పుడు గోడకు జానెడు దూరం ఇడువుండ్రి. మృగశిర వానలకు చెదలు గోడ పట్టుకొనే వస్తది. పిల్లలు తిరిగే కాడ నాఫ్తలిన్ గోళీలు వద్దు, బిళ్లలనుకొని నోట్ల వేసుకుంటరు.

పిల్లలకు ఇచ్చే పుస్తకాల గడువు తేదీ జూన్ 10కే వెయ్యుండ్రి. 12కు బడులు తెరిస్తే ఆ పుస్తకాలు బడి సంచుల్ల కలిసిపోతయ్, మళ్ల దసరాకు గాని బయటపడయ్.