నవ్విస్తూ తన సంగతి చెప్పుకునేవాళ్లు

సభకు నమస్కారం.

మన బెజవాడ ఏలూరు రోడ్డులో ఏ పుస్తకాల షాపుకైనా వెళ్లి హాస్యం కావాలని అడగండి. ముందు జోకుల పుస్తకాలు చూపిస్తారు. అవి కాదండీ, రచయిత తన ఇంటి సంగతులూ బతుకు సంగతులూ నవ్విస్తూ చెప్పినవి కావాలంటే, షాపాయన కాస్త ఆలోచించి నాలుగు చోట్లకి తిప్పుతాడు. ఒకటి కథల్లో ఉంటుంది, ఒకటి ఆత్మకథల్లో, ఇంకోటి పాత కాలమ్స్ సంపుటాల మధ్య. వీటికంటూ ఒక అర లేదు. ఏటా జరిగే మన పుస్తకాల పండగలో వెతికినా ఇదే పరిస్థితి. ఎంతోమంది మంచి పాఠకులు ఈ పుస్తకాల పక్కనుంచే నడిచి వెళ్లిపోతున్నారు. నాకు బాధ కలిగించే విషయం అది. అందుకే ఈ సాయంత్రం ఈ మాటలు.

మన దగ్గర వ్యాసంలో హాస్యం అనగానే పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి 'సాక్షి' వ్యాసాలు గుర్తొస్తాయి. 1711లో లండన్‌లో అడిసన్, స్టీల్ నడిపిన 'స్పెక్టేటర్' పత్రిక ఒరవడిలో ఆయన ఒక సంఘాన్ని కల్పించారు, అందులో జంఘాలశాస్త్రి అనే పాత్ర చేత ఉపన్యాసాలు ఇప్పించారు. గొప్ప వచనం, సందేహం లేదు. కానీ అక్కడ విషయం లోకం. పానుగంటి వారు పొద్దున లేచి ఏం చేసేవారో, ఇంట్లో ఎవరితో వాదించేవారో మనకు తెలియదు. నేను చెప్పేది ఆ తెర తీసేసిన రచన గురించి. 1580లో ఫ్రాన్సులో మాంటేన్ తన వ్యాసాలు అచ్చువేస్తూ, ఈ పుస్తకానికి నేనే వస్తువునని ముందుమాటలోనే చెప్పేశాడు. ఈ తోవ వేసినవాడు ఆయనే.

ఆ తోవలో నడిచినవాళ్లలో ఇంగ్లీషు రచయిత చార్లెస్ లాంబ్ దగ్గర కొంచెం ఆగుతాను. మన దేశాన్ని ఏలిన ఈస్టిండియా కంపెనీకి లండన్ ఆఫీసులో 33 ఏళ్లు గుమాస్తా. 1796లో ఆయన అక్క మేరీ మతిచలించి కన్నతల్లినే కత్తితో పొడిచి చంపింది. ఆ అక్క బాధ్యత తమ్ముడు నెత్తినేసుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు, చివరిదాకా ఆమెను చూసుకున్నాడు. 1823లో 'ఎలియా' అనే మారుపేరుతో ఆయన వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి. అందులో బ్రిజెట్ అనే బంధువు ఒకామె ఉంటుంది. పుస్తకాలు చదువుతుంది, ఎలియాతో వాదిస్తుంది, ఇద్దరూ కలిసి ఇల్లు నెట్టుకొస్తుంటారు. ఆ బ్రిజెట్ మేరీయే. ఎంత ఆప్యాయంగా, ఎంత సరదాగా రాశాడో! ఆ ఇంటి చరిత్ర తెలిశాక ఆ పేజీలు మళ్లీ చదివితే నవ్వు తగ్గదు, గౌరవం పెరుగుతుంది.

కష్టం ఎరగని మనిషి హాస్యం రాస్తాడనుకోవడం తప్పు. ముళ్ళపూడి వెంకటరమణ గారినే చూడండి. ఆయన ఆత్మకథ 'కోతి కొమ్మచ్చి' మన బెజవాడ నుంచి వెలువడే స్వాతి వారపత్రికలో వచ్చింది, 2009లో పుస్తకమైంది. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, అమ్మతో మద్రాసు చేరిన పిల్లాడి కథ. అదే కథ ఇంకొకరు రాస్తే మనం అయ్యో అనుకుని పుస్తకం మూసేస్తాం. రమణ గారు వరస పాటించకుండా ఒక కబురులోంచి ఇంకో కబురులోకి దూకుతూ చెబుతుంటే, మనం జాలిపడడం మర్చిపోయి ఆయన వెంట నడుస్తాం. నాలుగు పేజీలు పోయాక, ఇప్పుడు మనం నవ్వింది లేమి గురించని తడుతుంది. ఏడుపుతో చెప్పే నిజం కంటే ఇలా తెలిసొచ్చే నిజం ఎక్కువకాలం నిలుస్తుందని నా నమ్మకం.

ఇక వీటిని సంపుటిగా, అంటే ఒకే పుస్తకంగా చదవడం సంగతి. విడిగా ఒక్క వ్యాసం పత్రికలో చదివితే చాలదా అని అడుగుతారు. చాలదండీ. భానుమతి గారి 'అత్తగారి కథలు' తీసుకోండి. పేరుకి కథలే, చదువుతుంటే కోడలు పక్కన కూర్చుని ఇంటి కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. మొదట అత్తగారి మడి, పట్టుదల చూసి నవ్వుతాం. చదివినకొద్దీ ఆవిడ మనకి దగ్గరవుతుంది. సగం పుస్తకం అయ్యేసరికి అత్తగారు గదిలోకి వచ్చిందని చదివితే చాలు, ఆవిడ నోరు తెరవకముందే మన పెదాల మీద నవ్వు. ఆ పరిచయం వారానికో ముక్క చదివితే ఇంత గట్టిగా కుదరదు. కొత్తగా పక్కింట్లో దిగినవాళ్లతో చనువు పెరిగినట్టు, పుస్తకం మొత్తం కలిసి ఉండాలి.

గుంటూరు జిల్లావాళ్లకు ఇది సొంత సొత్తు కూడా. కాంతం కథలు రాసిన మునిమాణిక్యం నరసింహారావు గారిది తెనాలి దగ్గర సంగం జాగర్లమూడి. బడిపంతులు జీతంతో నడిచే సంసారం, ఆ సంసారంలో భార్యాభర్తల చిలిపి తగవులు. అంతకంటే పెద్ద వస్తువు ఆయనకు అవసరం పడలేదు.

సోమరాజు సుశీల గారిని తప్పకుండా చదవమంటాను. రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసి, చిన్న పరిశ్రమ నడిపిన మనిషి. 'ఇల్లేరమ్మ కథలు'లో తన బాల్యం, 'చిన్న పరిశ్రమలు-పెద్ద కథలు'లో ఫ్యాక్టరీ నడపడంలోని తిప్పలు రాశారు. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి పరిశ్రమ నడిపితే ఎవరెవరిని ఒప్పించాలో, ఎక్కడెక్కడ ఎదురుచూడాలో ఏ ప్రభుత్వ నివేదికలోనూ దొరకదు. ఈవిడ నవ్విస్తూ చెప్పారు.

ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే, రచయిత ఎవరిని చూసి నవ్వుతున్నాడని. పనిమనిషి యాసనీ, పల్లెటూరి బంధువు అమాయకత్వాన్నీ ఎగతాళి చేసే పుస్తకాన్ని పక్కన పెట్టేస్తాను, ఎంత పేరున్నా సరే. భానుమతి గారు అత్తగారిని ఎంత ఆటపట్టించినా, ఆవిడ అంటే కోడలికున్న ప్రేమ ఎక్కడా దాగదు.

నా మాటలు ఇక్కడికి చాలు. ఈ పుస్తకాలు పైకి చదివితేనే మజా. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ అత్తగారి ఆవకాయ కథ చదువుతానని ఇందాకే ఒప్పుకున్నారు. అమ్మా, మైకు దగ్గరికి రండి.